దీవితో పెళ్ళిచూపులు

రోజూ తెల్లారకముందే రమేష్ బాబు రేపల్లె నుంచి బండి మీద రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్తాడు. నీళ్ళలో మేత పెట్టి దించిన చెక్‌ట్రేలు పైకి లాగి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసుకుని, ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చి ఇడ్లీల ముందు కూర్చుంటాడు. వడ్డించేది పెద్దమ్మ రిబ్కా. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ముప్పయ్యేళ్ళు బళ్ళో చెప్పి రిటైరైన మనిషి కాబట్టి, ఇడ్లీ వేస్తూ కూడా ఏదో ఒకటి అడిగి సమాధానం రాబడుతుంది.

ఆవేళ అడిగింది గిరీష్ గురించి. గిరీష్‌కి తెనాలిలో వీసాల పని చూసిపెట్టే ఆఫీసు ఉంది.

సంగతేమిటంటే, లిస్బన్‌లో రొయ్యలు కొనే పెద్దమనిషి ఒకాయన, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే తప్ప కాగితాల మీద సంతకం పెట్టనన్నాడు. రమేష్ బాబుకేమో వీసా రెండుసార్లు రాలేదు. అందుకు గిరీష్ ఒక దారి చెప్పాడు. ఎక్కడో సముద్రం మధ్యలో చిన్న దీవి, అదే ఒక దేశం. అక్కడ పెట్టుబడి పెడితే పౌరసత్వం ఇస్తారు, ఆ పాస్‌పోర్టుతో వీసా లేకుండా లిస్బన్ వెళ్ళొచ్చు. పెట్టుబడికి రెండు చెరువులు అమ్మాలి. అంతకన్నా పెద్ద సంగతి, మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు. అది తీసుకుంటే ఇది వదులుకోవాలి.

"వెళ్ళి చూశావా దాన్ని?" అంది రిబ్కా.

"అవసరం లేదంట పెద్దమ్మా. అడుగు పెట్టకుండానే ఇస్తారంట."

"చూడకుండా సంబంధం ఖాయం చేసుకుంటార్రా ఎవరైనా?"

ఆ మధ్యాహ్నమే ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఆ దీవికే పోస్టుకార్డు రాసింది. మా అబ్బాయికి మీతో సంబంధం అనుకుంటున్నామనీ, అంత దూరం తాను రాలేననీ, వచ్చే పౌర్ణమి దాటాక ఆదివారం చూపులకి మీరే సూర్యలంక ఒడ్డుకి రావాలనీ. పోస్టాఫీసులో స్టాంపులమ్మే స్వర్ణలత అడ్రసు చూసి, బయటి దేశానికి ఈ స్టాంపు చాలదండీ అని ఇంకొకటి అంటించి పంపింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక చెరుకుపల్లి మీదుగా కార్లో బయల్దేరారు. గిరీష్ కూడా ఫైలు పట్టుకుని ఎక్కాడు. రిబ్కా ఒళ్ళో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ, పై గిన్నెలో కేసరి, దాని కింద రొయ్యల వేపుడు. బాపట్ల దాటి సూర్యలంక చేరేసరికి దీవి వచ్చేసి ఉంది. ఒడ్డుకి మరీ దగ్గరగా కాకుండా మర్యాదగా ఆగింది. పచ్చటి గుట్ట, కొబ్బరిచెట్లు, నీలం రేకుల పోస్టాఫీసు, దాని మెట్ల మీద ఒక మేక. గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు దాన్ని వెనక పెట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. పడవ ముత్తయ్య మాత్రం, వచ్చింది సరే, నా వల మీదే ఆగాలా అని సణుగుతూ వీళ్ళని అక్కడ దించాడు.

దీవి తరఫున మాట్లాడింది పోస్టాఫీసు ముసలావిడ. ఏ భాషలో మాట్లాడిందో ఎవరూ పట్టించుకోలేదు, అందరికీ అర్థమైంది. వరండాలో కుర్చీలు వేసి, కేసరి అందరికీ పంచింది. రిబ్కా వానల గురించి, మంచినీళ్ళ గురించి, పోయినవాళ్ళని ఎక్కడ పెడతారన్న దాని గురించి అడిగింది. ముసలావిడ అన్నీ ఓపిగ్గా చెప్పి రమేష్ బాబు వైపు తిరిగింది.

"ఏడాదికి ఎన్నాళ్ళుంటావు బాబూ మా దగ్గర?"

గిరీష్ గొంతు సవరించుకున్నాడు. ఏదో ఒక లెక్క చెప్పేద్దామనే అనుకున్నాడు రమేష్ బాబు. పక్కన పెద్దమ్మ, చూసి రాస్తున్న పిల్లాణ్ణి చూసినట్టు చూస్తోంది.

"ఉండనండి. పాస్‌పోర్టు కోసమేనండి."

"కట్టుకుని కాపురానికి రానంటే ఎట్టారా?" అంది రిబ్కా మెల్లిగా.

ముసలావిడ కోప్పడలేదు. లోపల్నించి లావుపాటి రిజిస్టరు తెచ్చి తెరిచింది. నిండా పౌరుల పేర్లు. "వీళ్ళంతా మావాళ్ళే. ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. మమ్మల్ని రమ్మని పిలిచింది మీరొక్కరే."

రమేష్ బాబు పళ్ళెం కింద పెట్టాడు. "మన్నించండమ్మా. కాపురం చెయ్యనిచోట పెళ్ళికొడుకులా కూర్చోలేను," అన్నాడు. గిరీష్ ఫైలు మూసేశాడు.

కార్లో తిరుగుముఖం పట్టారు. చెరువులు మిగిలాయి. లిస్బన్ బేరం మాత్రం ఇక లేనట్టే అనుకున్నాడతను. చెరుకుపల్లి దగ్గర రిబ్కా ఒళ్ళు తడుముకుని, క్యారేజీ అక్కడే మర్చిపోయానంది.

ఈ వైపు ఒక అలవాటుంది. పొరుగింటి గిన్నె మనింటికి వస్తే తిరిగి ఇచ్చెయ్యాలి, ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు. ఆ సంగతి దీవికి ఎవరు చెప్పారో తెలీదు. ఆ తర్వాతి పౌర్ణమి దాటాక ఆదివారం పొద్దున్నే ముత్తయ్య ఫోను చేశాడు.

"బాబూ, మీ గిన్నెలొచ్చినయ్యి. మళ్ళీ నా వల మీదే."

పెద్దమ్మతో దీవి మీదకి వెళ్ళి చూస్తే, నాలుగు గిన్నెల్లోనూ పేరు తెలీని పచ్చటి పళ్ళు. వరండాలో టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పోయిన నెల సెలవులకని ఆ దీవికి వచ్చి, రిబ్కా మర్చిపోయిన క్యారేజీలోంచి ముసలావిడ పెట్టిన రొయ్యల వేపుడు తిన్నాడట. ఇంత మంచి రొయ్యలు పెంచినవాళ్ళని చూడాలని దీవితోపాటే వచ్చాడు. ఊరు ఏదని అడిగితే లిస్బన్ అన్నాడు. పేరు చెప్పగానే రమేష్ బాబు ఫోను తీసి, రెండేళ్ళుగా తాను రాస్తున్న మెయిళ్ళు ఆయనకే చూపించాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యాహ్నానికి సంతకాలయ్యాయి. పాస్‌పోర్టు ఊసు ఎవరూ ఎత్తలేదు.

రిబ్కా పళ్ళు సంచిలోకి ఒంపుకుని, గిన్నెలు తుడిచి, తెనాలి నుంచి తెచ్చిన జిలేబీ వాటిలో సర్దింది. క్యారేజీ మూత బిగించి ముసలావిడ చేతిలో పెట్టింది.

ఆ మర్నాటి నుంచి ముత్తయ్య వల కాస్త పక్కకి వేస్తున్నాడు.