పదిహేనో నంబరు చొక్కా

శనివారం సాయంత్రం రగ్బీ క్లబ్బు చొక్కాలు పటమటలో ఆమినాబీ డాబా మీద ఆరడం మామూలే. ఏ చొక్కా ఆరకపోతే, మర్నాడు అది తొడుక్కున్నవాడికి దెబ్బ తగులుతుంది. అంతే. కోచ్ సురేష్ పొద్దున్నే ఫోన్ చేసి, "ఎన్నో నంబరమ్మా తడి?" అనడుగుతాడు, కూరగాయల రేటడిగినట్టు. ఓసారి తడి చొక్కాని తీగ మీదే వదిలేసి ఆటకి వెళ్తే దారిలోనే ఆ తడి పక్క నంబరుకి పాకింది. అందుకని ఎవరో ఒకరు తొడుక్కోవాల్సిందే.

ఈ ఆదివారం మాత్రం ఆమినాబీ టీ గ్లాసు పక్కన పెట్టేసి తీగ దగ్గరే నిలబడింది. ఎండ పెనంలా కాలుతోంది. పద్నాలుగు చొక్కాలు అప్పడాల్లా ఉన్నాయి, పదిహేనోది నీళ్ళోడుతోంది. పదిహేను ఆవిడ కొడుకు అమన్‌ది. బెంజ్ సర్కిల్లో సెల్‌ఫోన్లు బాగుచేసుకునే కుర్రాడు. మోకాలికి ఆపరేషనై ఏడాది కాలేదు, ఇంకోసారి విరిగితే కర్రే గతి అన్నాడు డాక్టరు. ఆవిడ పిండింది, ఇస్త్రీపెట్టె పెట్టి రుద్దింది. ఆవిరొచ్చింది గానీ తడి పోలేదు.

"వాణ్ణి మాన్పించనామ్మా?" అన్నాడు సురేష్ ఫోన్లో, గొంతులో పస లేకుండా. దేశం మొత్తానికి పెద్ద క్లబ్బుల లీగండీ అది. జీతాల్లేవు, పరువొక్కటే. ఇవాళ ఓడితే కింది లీగుకి దిగిపోవడమే. అందరికన్నా వెనక, ఆఖరి కాపలా అమన్.

"మానుతాడా వాడు?" అందావిడ.

అమన్ బూట్లు కట్టుకుంటూ చెయ్యి చాపాడు. "ఇటివ్వమ్మా, చల్లగా ఉంటుంది."

"నీకు పాతది తీశాను. నంబరు టేపుతో అతికించుకో."

"మరి ఇది?"

"నాకు ఒళ్ళు మండిపోతోందిరా."

చీర మీద పదిహేనో నంబరు తొడుక్కుని గ్రౌండు గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. రిఫరీ ఓసారి చూసి విజిలేశాడు.

ఆటంతా ఆవిడ చూపు ఆ మోకాలి మీదే. ఆఖరి నిమిషాలు, మనవాళ్ళు కాస్త ముందున్నారు. అంతలో అవతలివాడొకడు, ధాన్యం బస్తాలాంటివాడు, బంతి చంకన పెట్టుకుని మూలకి దూసుకొచ్చాడు. అడ్డం అమనొక్కడే. వాడి కాళ్ళని వాటేసుకున్నాడు. ఇద్దరూ బంతితో సహా దొర్లి పక్క గీత అవతల పడ్డారు. కట్టె విరిగినట్టు చప్పుడైంది.

ఆమినాబీ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అమన్ మోకాళ్ళు దులుపుకుని లేస్తున్నాడు. ఆవిడే నేల మీదుంది, విరిగిన కుర్చీ కాలు పక్కన. మణికట్టు వంకరపోయింది. ఒంటిమీద చొక్కా పెళపెళలాడుతూ ఆరిపోయింది.

మనవాళ్ళే గెలిచారు. ఆటయ్యాక ఒక జట్టు రెండు వరసల్లో నిలబడి, మధ్యలో నడిచే అవతలి జట్టుకి చప్పట్లు కొట్టడం రగ్బీలో పద్ధతి. ఆ మధ్యలోంచే అమన్ తల్లిని ఆస్పత్రికి నడిపించుకెళ్ళాడు.

"బాగా నొప్పిగా ఉందా అమ్మా?"

"చెయ్యి సంగతి తర్వాత. నువ్వు నాలుగడుగులు ముందు నడువు, చూస్తాను."