ఒక్క పూత

మా వంటింటి కిటికీలో మూడేళ్లపాటు ఒక గాజు సీసా ఉండేది. దాని నిండా సరస్సు నీళ్లు, అడుగున ఐదు తూటాలు. ఒక్కో తూటా వెనక భాగం ఆడవాళ్ల గోరులా ఎర్రగా మెరిసేది. నీళ్లు పచ్చబడ్డప్పుడల్లా మార్చేవాణ్ణి. వచ్చినవాళ్లు అదేమిటని అడిగేవారు. మా ఇంటికి ఎక్కువమంది రారు.

ఆ ఎరుపు నా భార్య వెర్నా పూసింది.

మా ఒకీచోబీ సరస్సులో మొసళ్లు పట్టేవాడి చేతిలో తుపాకీ ఉండదు, కర్ర ఉంటుంది. దాని చివర జానెడు ఉక్కు గొట్టం, అందులో ఒకే ఒక్క తూటా. దూరంనుంచి గురి చూసేదేమీ లేదు. తాడుకి చిక్కిన మొసలిని పడవ పక్కకి లాక్కుని, తల వెనక, నీళ్లలోనే గట్టిగా పొడవాలి. ఆ ఊపుకి లోపలి మేకు తూటా అడుగున ఉన్న రాగి బొట్టుకి తగిలి పేలుతుంది. తూటాలోకి నీరు దిగితే పేలదు. అందుకని బొట్టు మీదా దాని చుట్టూ నెయిల్ పాలిష్ పూస్తారు. మా వైపు ఇళ్లలో పాలిష్ గోళ్లకంటే తూటాలకే ఎక్కువ ఖర్చవుతుంది.

వెర్నా ఒక్క పూతే వేసేది. పల్చగా వేసి, ఊది, కోడిగుడ్ల అట్టలో వరసగా నిలబెట్టేది. ఇరవై ఏళ్లపాటు ఈ ఒడ్డున సగంమంది తమ తూటాలు తెచ్చి ఆమెకే ఇచ్చేవారు. ఒక్కటి కూడా నీరు తాగలేదు.

మూడేళ్ల కిందట ఆమె జబ్బుతో ఉండగా ఆఖరుసారి ఏడు తూటాలకు పూసింది. అందులో రెండు ఆమె తమ్ముడు హోలిస్ పట్టుకెళ్లాడు. ఆ రోజు నేను ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లాను, అందుకే అతనితో వెళ్లలేదు. మొదటి తూటా పేలలేదు. రెండోది తీసేలోపు మొసలి తిరగబడింది. హోలిస్ కుడిచేతి రెండు వేళ్లు దాని నోట్లోకి పోయాయి. రెండో తూటా నీళ్లలో పడిపోయింది.

కట్టు కట్టించుకుని వచ్చి రేవులో ఐడెల్లమ్మ కొట్టు ముందు, పదిమంది కాఫీ తాగుతుండగా, హోలిస్ ఇలా అన్నాడు:

"పాపం, అక్క చేతులు వణుకుతున్నాయి. మందుల వల్ల. పూత సరిగ్గా పడలేదు. ఏమనగలం ఆవిణ్ని?"

తిట్టినా బాగుండేది. జాలిపడ్డాడు. ఆ జాలి వారంలో సరస్సు చుట్టూ తిరిగింది. ఆ తర్వాత మా గుమ్మంలోకి తూటా పట్టుకుని ఎవరూ రాలేదు. గుడ్ల అట్ట ఆ మిగిలిన ఐదు తూటాలతో బల్ల మీదే ఉంది.

చివరి నెలలో వెర్నా మంచం మీద పడుకుని, చేతులు ఎత్తి, వేళ్లు చాపి చూసుకునేది.

"వణికాయా, డెల్మర్?" అని అడిగేది.

"లేదు," అనేవాణ్ణి.

నమ్మేది కాదు. మొగుడు అలాగే చెప్తాడు కదా. డిసెంబరులో పోయింది. పాతిపెట్టి వచ్చిన సాయంత్రం ఆ ఐదు తూటాలూ సీసాలో, నీళ్లలో వేసి, అట్టని అటక ఎక్కించాను.

ఇసుక బస్తా మీద ఒకటి పొడిచి చూడొచ్చు కదా అని ఐడెల్లమ్మ ఒకసారి అంది. ఆమె పడవల రేవు దగ్గర కొట్టు నడుపుతుంది, డెబ్బై దాటింది, ఎవరికీ సలహా ఇవ్వకుండా ఉండలేదు. నేను వినలేదు. పొడి నేల మీద పేలితే ఎవడు ఒప్పుకుంటాడు? నీళ్లలో పేలాలి. మొసలి మీద పేలాలి. హోలిస్ చూస్తుండగా పేలాలి.

మొసళ్లు పట్టడానికి పర్మిట్లు లాటరీలో ఇస్తారు. మూడేళ్లూ నా పేరు రాలేదు. ఈ ఏడు హోలిస్‌కి వచ్చింది. మూడు వేళ్ల చేత్తో తాడు లాగలేడు కనక మా ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడాను.

"పర్మిట్ నాది, పడవ నీది. ఏమంటావు, బావా?"

"రెండు కర్రల్లోనూ నా తూటాలే."

అతను కిటికీ వైపు చూశాడు. "ఆ ఊరగాయ సీసాలోవా? బావా, మిగిలిన ఎనిమిది వేళ్లూ నాకు కావాలి."

"ఇష్టం లేకపోతే వెళ్లు."

"పేలకపోతే?"

"నువ్వన్నదే నిజమని ఐడెల్లమ్మ కొట్టు ముందు నిలబడి నేనే చెప్తాను."

"పేలితే?"

"నువ్వు చెప్తావు."

కాసేపు టోపీ సర్దుకున్నాడు. సరేనన్నాడు. అతను ఓడిపోతాననుకోలేదు. మూడేళ్లు నీళ్లలో నానిన తూటా పేలుతుందని బుద్ధున్నవాడెవడూ అనుకోడు.

పర్మిట్ గడువు చివరి రోజున బయల్దేరాం. పొద్దున్న పదింటికి గడువు తీరిపోతుంది. ఏడున్నరకి తుంగ పక్కన మోటారు ఆపాను. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. హోలిస్ ఉడికించిన వేరుశనక్కాయలు నములుతూ తొక్కలు నా పడవలోనే పోశాడు. నేను సీసాలోంచి ఒక తూటా తీసి అతనికిచ్చాను.

చొక్కా అంచుతో తుడిచాడు. తర్వాత జేబులోంచి చిన్న సీసా తీశాడు. అందులో రంగులేని పాలిష్. మూత విప్పి, వెర్నా ఎరుపు మీద కుంచె పెట్టాడు.

"ఏం చేస్తున్నావు?"

"నా అలవాటు. ఒక్క పూత ఏం చాలుతుంది? పైన రెండు వేస్తే నీటికి దారుండదు."

"అప్పుడు కూడా వేశావా?"

"ఎప్పుడు?"

"వేళ్లు పోయిన రోజు."

"వెయ్యకుండా ఉంటానా? అక్క ఇచ్చినదానికి పైన దట్టంగా రెండు పూతలు వేశాను. అంత జాగ్రత్త పడ్డా పేలలేదు, చూడు. లోపల ముందే నీరు దిగిపోయి ఉండాలి."

చెప్తూ తూటా మీద ఊదుతున్నాడు. అచ్చం వెర్నా ఊదినట్టే. అక్కాతమ్ముళ్లు కదా.

నాకు అప్పుడే అర్థమైంది. మేకు వచ్చి కొట్టాల్సింది గట్టి రాగిని. దాని మీద అంత మందాన పాలిష్ వేస్తే, ఈ సరస్సు మీద ఉక్కలో అది ఆరదు, జిగురుగానే ఉంటుంది. మేకు వెళ్లి మెత్తటి దాన్లో దిగబడుతుంది, రాగికి దెబ్బ తగలదు. వెర్నా ఒక్క పూతతో ఎందుకు ఆపేసేదో నేను ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే మూడేళ్ల కిందటే హోలిస్‌కి జవాబు చెప్పేవాణ్ణి.

అతను రెండో పూత కూడా వేశాడు. తూటాని కర్రలో పెట్టుకున్నాడు. నేను నోరు విప్పలేదు.

ఎనిమిదింపావుకి మొసలి తేలింది. తుంగ అంచున ముక్కు, కళ్లు కనిపించాయి. ఆ రెంటి మధ్య దూరాన్ని బట్టి మొసలి పొడవు పదకొండు అడుగులకి తక్కువ ఉండదు. మోటారు వెయ్యకుండా గెడతో తోసుకుంటూ దగ్గరికి వెళ్లాను. తాడు కట్టిన బల్లెం విసిరాను. మెడ పక్కన దిగింది. తాడు సర్రున పోయింది, వెనకే దాని చివరి తెల్ల బెండు నీళ్ల మీద ఎగురుతూ పరిగెత్తింది. బెండుని అందుకుని తాడు పట్టాను. అరగంట మమ్మల్ని పడవతో సహా ఈడ్చింది. నా అరచేతులు కోసుకుపోయాయి. అలిసినట్టే అలిసి అడుగుకి వెళ్లి కూచునేది. బారకి బార పైకి లాగుతుంటే మళ్లీ దిగేది. చివరికి పడవ పక్కన నల్లటి వీపు కనిపించింది.

"నేను పొడవనా?" అన్నాడు హోలిస్.

"పర్మిట్ నీది. నువ్వే పొడు."

అది పేలదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. తాడు మాత్రం నోటికి అందకుండా పొట్టిగా బిగించి పట్టుకున్నాను. అంతకంటే దయ నాలో మిగల్లేదు.

హోలిస్ కర్ర పొరపాటున పేలకుండా పెట్టిన అడ్డు పిన్ను లాగి, కర్ర ఎత్తి, తల వెనక సరైన చోటే పొడిచాడు.

టక్ మంది. అంతే.

"చూశావా?" అన్నాడు. గొంతులో భయం, దాని కింద సంతోషం. "చూశావా, బావా? నేను చెప్పలేదూ?"

మొసలి దొర్లడం మొదలుపెట్టింది. పడవ అంచు నీళ్లదాకా వంగింది. శనక్కాయలు, కాఫీ ఫ్లాస్కు, అన్నీ నా కాళ్ల మీదకి వచ్చాయి.

"కర్ర పడేసి తాడు పట్టు," అన్నాను.

"నా చేత కాదు, బావా."

"మోచేతికి చుట్టుకో. వదిలావంటే నిన్ను దాని వెనకే పంపిస్తాను."

చుట్టుకున్నాడు. మోకాళ్ల మధ్య పెట్టుకున్న గాజు సీసాలో చెయ్యి పెట్టి ఒక తూటా తీశాను. తుడవలేదు. నీళ్లు కారుతుండగానే గొట్టంలో వేసి బిగించాను. పిన్ను లాగాను. మొసలి ఒకసారి పూర్తిగా దొర్లి, వీపు పైకి వచ్చి, తల నీళ్లలోకి దింపింది. మూరెడు లోతులో దాని మెడ కనిపిస్తోంది. నా బరువంతా వేసి పొడిచాను.

చప్పుడు ముందు అరికాళ్లకి తెలిసింది. పడవ అడుగు మోగింది. నీళ్లు తెల్లగా లేచి మా ఇద్దర్నీ తడిపాయి. తుంగలోంచి కొంగలు వందల్లో ఒక్కసారే లేచాయి. తర్వాత తాడు వదులైంది. హోలిస్ మోచెయ్యి దించాడు.

నేను నవ్వాను. బిగ్గరగా, చాలాసేపు నవ్వాను. అది నా గొంతేనా అనిపించింది.

పడవలో పడున్న హోలిస్ కర్ర తీసుకుని గొట్టం విప్పి, పేలని తూటాని అరచేతిలో పెట్టి చూపించాను. పైన పాలిష్‌లో మేకు దిగిన చిన్న గుంట ఉంది. బొటనవేలి గోరుతో అంచు ఎత్తాను. అతని రెండు పూతలూ కలిసి పొరలా ఊడివచ్చాయి. అడుగున వెర్నా ఎరుపు ఉంది. ఒక్క గీత లేదు.

అదే తూటాని మళ్లీ కర్రలో పెట్టి అతని చేతికిచ్చాను.

"పొడు."

"చచ్చిపోయింది కదా, బావా."

"మొసలి కోసం కాదు."

అతను కర్ర వైపు చూశాడు. తన చేతి వైపు చూసుకున్నాడు. ఆ మొహంలో నేను చూడాలనుకున్నది మూడేళ్ల తర్వాత చూశాను, తొందరపడకుండా చూశాను. అప్పుడు పొడిచాడు.

పేలింది.

రేవుకి వచ్చేసరికి తొమ్మిదిన్నర. మొసలి మూతికి టేపు చుట్టి, తోకకి పర్మిట్ ట్యాగ్ బిగించి, పడవకి అడ్డంగా పెట్టుకుని వచ్చాం. ఐడెల్లమ్మ కొట్టు ముందు ఎనిమిదిమంది కాఫీ తాగుతున్నారు. ఇద్దరు మొసలి పొడవు కొలవడానికి లేచారు.

"తర్వాత కొలుద్దురు," అన్నాను. "హోలిస్ ఏదో చెప్తాడట."

హోలిస్ టోపీ తీశాడు. "అక్క తూటాలు పేలాయి. రెండూ."

"ఆ సీసాలోవే?" అంది ఐడెల్లమ్మ.

"ఆ సీసాలోవే."

"అంతేనా?" అన్నాను.

అతను నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"అప్పుడు అక్క చేతులు వణకలేదు," అన్నాడు. "తను సరిగ్గానే వేసింది. నేనే పైన రెండు పూతలు వేసి పాడుచేశాను. నా వేళ్లు నేనే పోగొట్టుకున్నాను."

ఐడెల్లమ్మ కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఇంకోసారి చెప్పు, అబ్బాయ్. మా ఆయనకి ఎడమ చెవి వినపడదు. నువ్వేమో ఎడమ వైపు నిలబడ్డావు."

అందరూ నవ్వారు. హోలిస్ అటు నడిచి, కుడి వైపు నిలబడి, ముసలాయన చెవి దగ్గర మొత్తం మళ్లీ చెప్పాడు. ముసలాయన తల ఊపి, "ఆ సంగతి నాకు తెలుసు. ఇరవై ఏళ్లు నా తూటాలకి ఆ అమ్మాయే పూసింది," అన్నాడు.

"తెలిస్తే మూడేళ్లు ఎందుకు రాలేదు?" అన్నాను.

ఒకతను కాఫీ తెచ్చి నా చేతిలో పెట్టబోయాడు. తీసుకోలేదు. మొసలిని కొలిచారు. పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు.

హోలిస్ పడవ దాకా నా వెనకే వచ్చాడు. "బావా, ఇంకెప్పుడైనా ఇంటికి రానా?"

"తోక మాంసం నీదే, పట్టుకెళ్లు," అన్నాను. "ఇంటికి రాకు."

ఇంటికి వెళ్లి సీసాలో నీళ్లు సింకులో పారబోశాను. తూటాలు మూడు మిగిలాయి. ఒక్కొక్కటీ తుడిచి, అటక మీదనుంచి గుడ్ల అట్ట దించి, ఎరుపు పైకి కనిపించేలా నిలబెట్టి, కిటికీలో ఎండకి పెట్టాను. ఇక అవి నీళ్లలో ఉండాల్సిన పని లేదు.