అమెరికా బండ

బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల్లో మచ్చలేని బండను అమెరికా అంటారు. చిన్న మచ్చ ఉంటే బెంగుళూరు. పగులుంటే లోకలు. ఆ మాట గేటు దాటి ఊళ్లోకీ వచ్చింది. మంచి వంకాయ అమెరికా. మంచి అల్లుడు అమెరికా.

నా భార్య శాంతమ్మ పెద్దసుబ్బయ్య శెట్టి ఫ్యాక్టరీలో ఆ బండలు కడిగేది. అక్కడే పాలిషు మిషను మీద నా పని. మంచాన పడ్డాక ఆమె ఒక్కటే అడిగింది.

"నా సమాధికి అమెరికా బండే పెట్టల్ల. ఇన్నేండ్లు కడిగితి, ఒగటన్నా నాది కాకపాయె."

పూడ్చిన మరునాడు శెట్టిని అడిగాను.

"ఏమప్పా గాబ్రియేలూ, అమెరికావోళ్లు వంటింట్లో పరుచుకునే బండ నీ పెండ్లాం గోరీకా?" అని నవ్వాడు. "ఆ మూల లోకలు ఉండాది, మోసకపో."

మోసుకుపోయాను. ఆ నవ్వును కూడా. పగులు పక్కన సిలువ, ఆమె పేరు చెక్కించాను.

రెండువేల ఎనిమిదిలో అమెరికా బ్యాంకులు మునిగాయి. అక్కడికి పోవాల్సిన బండలు శెట్టి ఆవరణలోనే ఎండకు ఎండి వానకు తడిశాయి.

"లోకానికంతా బుద్ధి చెప్తాండె అమెరికా," అన్నాడు టీ అంగడి తిమ్మన్న టీవీ చూస్తూ. "ఇప్పుడు చైనా కాడ చెయ్యి చాపుతాండాదంట."

మరుసటేడు చైనా వ్యాపారి కారు దిగాడు. మునుపు అమెరికా దొరకు వేసిన దండే శెట్టి ఇతనికీ వేశాడు. ప్లాస్టిక్ దండ, వాడిపోలేదు. ఆనాటి నుంచి మచ్చలేని బండ చైనా. అమ్ముడుపోనిది అమెరికా. సంతలో పుచ్చు వంకాయను కూడా "అమెరికాదిలే, పారేయ్" అన్నారు.

చైనా సరుకుకు చోటు కావాల్సి వచ్చి శెట్టి నన్ను పిలిచాడు.

"అప్పుడు అడిగితివి కదప్పా. ఊరికే తీసకపో ఒగ అమెరికా బండ. నా పేరు చెప్పుకో."

పేరు చెప్పుకోలేదు. బండ తీసుకున్నాను. సమాధి మీది పాతదాన్ని పెకలించి, ఆయన ఆఫీసు గడప ముందు పరిచాను. సిలువా, పేరూ పైకి. శెట్టికి తొక్కడానికి భయం, తీయించడానికీ భయం. నేటికీ పక్కనుంచి దూకి పోతాడు.

ఆ రోజు కొత్త బండ సమాధి మీద దించడానికి మా వీధి ఏసురాజు సాయం వచ్చాడు. బండను చూసి ముఖం చిట్లించాడు.

"పాపం, ఆయమ్మకు అమెరికాదా? చైనాది దొరకలేదా మామా?"

"ఆమె పోయిన పొద్దుకు అమెరికా పెద్దదేరా. మారిన సంగతి ఆమెకు తెలీదు. నువ్వు అరవగాకు. ఆ పక్క పట్టు."