నిద్ర తెలియని తీగ

తమ్ముడి సంచి అడుగున, వాడు చూడకుండా, మా పెరటి ద్రాక్షపందిరి నుంచి కోసిన మూడు కొమ్మలను తడిగోనెలో చుట్టి పెట్టాను. వాటిమీద పంచెలు, చింతపండు, బైబిలు. అన్నిటికంటే పైన, పక్కింటి రహమత్‌బీ పాత చీరలతో కుట్టిన బొంత.

ఒకప్పుడు నంద్యాలలో పనిచేసిన పాదిరిగారు సిమ్లా అవతలి కొండల్లో ద్రాక్షతోట వేశారు. చర్చిలో ప్రభువు బల్ల ఆరాధనకు మేము కిస్‌మిస్‌లు నానబెట్టి కాచిన నీళ్లే వాడేవాళ్లం. అసలైన రసం తీయాలని ఆయన ఆశ. తీగ కత్తిరించడం తెలిసిన మనిషి కావాలని రాస్తే తమ్ముడు దావీదు ఒప్పుకున్నాడు.

"ఆడ మంచులో సంకటి ఎవురు కెలికిపెడతార్రా నీకు?" అంది రహమత్‌బీ.

"మంచునే కెలుక్కుంటాలే చిన్నమ్మా."

సంచి ఎత్తి నా వైపు చూశాడు. "ఏందిక్కా ఈ బరువు? ఆళ్లగడ్డనంతా మూట కట్టినావా?"

గోనె బయటికి తీశాడు.

"ఇది ఎండకు పుట్టిన తీగక్కా. ఆడ బతకదు."

"నాయన నాటింది. మనింటిది ఒకటి పక్కనుంటే నీకు మనసు నిలుస్తాది. పెట్టుకొని పో."

నా మాట తీసేయలేక పెట్టుకున్నాడు. అది 1957 ఫిబ్రవరి. నంద్యాల స్టేషన్లో రైలు వెళ్లిపోయాక కూడా పొగ చాలాసేపు వేపచెట్లను పట్టుకొని ఉంది.

మొదటి ఉత్తరం కూడబలుక్కొని మూడు రోజులు చదివాను. తోట తొమ్మిది వేల అడుగుల ఎత్తులో ఉందట. మబ్బులు తోట కింద నడుస్తాయట. పగలు ఎండ చురుక్కుమంటుంది, తెల్లారేసరికి చెంబులో నీళ్లు గడ్డకడతాయి. అందుకే పండు చిన్నది, తోలు మందం, రసం చిక్కన. చలికాలం ముందు ఆకు రాలగానే తీగలను వంచి, నేలమీద పడుకోబెట్టి, మట్టి కప్పుతారట. ఎండలు వచ్చాక లేపుతారట.

అప్పటినుంచి మధ్యాహ్నాలు పందిరి కింద కునుకు తీస్తే మబ్బులు నా మంచం కిందుగా పోయేవి. నేను తీగలను ఒక్కొక్కటే పిల్లల్లా పడుకోబెట్టేదాన్ని. చివరిది మాత్రం కళ్లు తెరిచే ఉండేది.

నవంబరు చివర, రాసిన పన్నెండు రోజులకు, రెండో ఉత్తరం వచ్చింది.

"మూడింట్లో ఒకటి బతికిందక్కా. తోటలోవన్నీ ఆకు రాల్చి పడుకున్నాయి. మనది మాత్రం చిగుర్లేస్తానే ఉండాది. దానికి నిద్ర తెలీదు. పచ్చిగా పాతితే కుళ్లిపోతాది. మంచు పడేలోపల పనోళ్లందురూ కిందికి దిగుతాండారు. ఇది ఆకు రాల్చినాంక, దాన్ని పడుకోబెట్టి నేనూ దిగుతా. ఒక వారం."

నిజమే. మా ఊళ్లో ఏటా రెండుసార్లు కత్తిరిస్తాం, రెండుసార్లూ చిగురిస్తుంది. దానికి ఎవరూ నిద్ర నేర్పలేదు. "తీగను వదిలేసి దిగిపో" అని ఆరోజే కార్డు రాశాను. నా చేత్తో నేను రాసిన మొదటి కార్డు అదే. అది కొండకింది ఊరి దాకా వెళ్లి, మంచుకు దారి మూసుకుపోయి అక్కడే ఆగింది.

మే నెలలో పాదిరిగారు రాశారు. మంచు కరిగాక పైకి వెళ్లారట. మా తీగ వంచి, పడుకోబెట్టి, మట్టి కప్పి ఉందట. ఆ మట్టిమీద నాలుగు మూలలా రాళ్లు పెట్టి రహమత్‌బీ బొంత పరిచి ఉందట. బొంత తీసి మట్టి తవ్వితే కణుపుల దగ్గర పచ్చగా మొగ్గలున్నాయట.

నా తమ్ముడు దావీదు తిరిగి రాలేదు. కొండ దిగడానికి బయలుదేరింది 1957 నవంబరులో.