పిండి కలిపిన చేయి

ఇళ్లకు అమ్మే దోశ పిండిని గ్రైండర్లోంచి తీశాక చేత్తో కలిపితేనే పొంగుతుందని శ్యామలమ్మ నమ్మకం. గరిటె పెడితే పిండి అలుగుతుందంటుంది. ఆ సాయంత్రం కూడా మోచేతి దాకా పిండి పూసుకుని పీట మీద కూర్చుని ఉండగా, కూతురు మానస కాలేజీ బ్యాగులోంచి కాగితంలో చుట్టిన చిన్న గాజు పళ్లెం తీసింది.

“అమ్మా, జర దీని మీద వేళ్లు ఆనియ్యి.”

“ఏందే ఇది? జున్ను లెక్కున్నది.”

“అగార్ అంటరు. నీ చెయ్యి మా సదువుకు పనికొస్తది.”

ఆ మాటకు శ్యామలమ్మ ముఖం విప్పారింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, బ్యాంకులో వేలిముద్ర వేసినంత శ్రద్ధగా నాలుగు వేళ్లూ ఆనించింది.

మానస నాచారంలోని ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. చేతుల మీద కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఎన్ని ఉంటాయో ఆ నెల ప్రాక్టికల్స్‌లో అగార్ ప్లేట్ల మీద పెంచి చూశారు. సైన్స్ డే ప్రదర్శనకు దాన్నే పెట్టమంది దీప మేడమ్. “పక్కపక్కన రెండు ప్లేట్లు పెట్టు. తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలి” అంది.

కొట్టొచ్చినట్టు కనిపించడానికి మానస తన చేతిని సబ్బుతో రెండుసార్లు కడిగి, స్పిరిట్ రాసి, ఆరాక రెండో ప్లేటు మీద వేళ్లు ఆనించింది. రెండింటిని పోల్చాలంటే ఒక్క విషయంలో తప్ప మిగతా అన్నిటిలో అవి సమానంగా ఉండాలని మొదటి సంవత్సరం మొదటి పాఠంలోనే చెప్పారు. పరీక్షలో ఆ జవాబుకు ఆమెకు పూర్తి మార్కులు వచ్చాయి కూడా. అందుకే మనసొప్పక, కడగని తన వేళ్లు ఆనించి మూడో ప్లేటు కూడా వేసింది. మర్నాడు కాలేజీలో ప్లేట్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తెరిచి చూస్తే అమ్మ ప్లేటు నిండా తెల్లవి, పసుపువి చుక్కలు. మూడో ప్లేటూ అంతే, ఏమాత్రం తీసిపోలేదు. కడిగిన చేతి ప్లేటు మాత్రం అద్దంలా ఉంది. మూడోదాన్ని పారేసే వాటిలో కలిపేసింది.

మిగిలిన రెండింటి కింద ఇంగ్లీషులో చీటీలు అంటించింది. ఒకదాని కింద ‘విద్యార్థిని చేయి’. రెండోదాని కింద ‘మా అమ్మ చేయి’ అని రాయబోయి, ఆగి, ‘పిండి అమ్మే ఆమె చేయి’ అని రాసింది. క్లాసులో చాలామంది ఆఫీసర్ల పిల్లలు. వాళ్ల ముందు ఆ మాటే తేలికనిపించింది.

ప్రదర్శనకు రమ్మని తల్లికి చెప్పలేదు. కానీ క్లాస్‌మేట్ ప్రజ్ఞ వాళ్లమ్మ సుశీలమ్మ, “మీ అమ్మాయి కూడా ఏదో పెట్టిందట, రండి” అని శ్యామలమ్మను తను వచ్చే ఆటోలోనే ఎక్కించుకుని వచ్చింది. వాళ్లాయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. సుశీలమ్మ వాళ్ల వీధిలో మొదట పిండి తీసుకున్నది ఆమే, మిగతా ఇళ్లవాళ్లకు చెప్పిందీ ఆమే. శ్యామలమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని వచ్చింది.

సుశీలమ్మ కళ్లజోడు సర్దుకుని ప్లేటు మీదికి వంగింది. “అబ్బ, చూస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. ఎవరి చేయమ్మా ఇది?”

మానస చీటీ వైపు చూసింది.

“నాదే!” అంది శ్యామలమ్మ వెనక నుంచి. “నా చెయ్యే అది! సూడున్రి, ముగ్గేసినట్టు ఎట్ల పూసినయో!”

చుట్టూ ఉన్న అమ్మాయిలు పకపకా నవ్వారు. దీప మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. అందరితో పాటు శ్యామలమ్మా నవ్వింది. సుశీలమ్మ మాత్రం నవ్వలేదు. ఇంగ్లీషు చీటీని ఇంకోసారి చదివి, శ్యామలమ్మ చేతి వైపు చూసింది.

మానసకు మొదటి బహుమతి వచ్చింది.

మర్నాడు సాయంత్రం సుశీలమ్మ ఇంటి నుంచి పిండికి పంపే స్టీలు డబ్బా రాలేదు. ఆ వారం ముగిసేసరికి ఆ వీధిలో ఎవరి డబ్బాలూ రాలేదు.

“ఊరికి పోయిన్రేమో” అంది శ్యామలమ్మ.

“అందరూ ఒక్కపారే పోతరా? రైలేమన్న ఫ్రీగ పెట్టిన్రా?” అన్నాడు తండ్రి బిక్షపతి, మల్లాపూర్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి. మిగిలిన పిండితో ఇంట్లో పొద్దున దోశలు, మాపటికి ఊతప్పాలు, మరీ పులిస్తే పునుగులు. “ఇగ రేపటి సంది ఈ పిండితోనే తానం జెయ్యాలె” అని నవ్వించబోయాడు. మానస పళ్లెం పక్కకు నెట్టింది.

ఆదివారం ఆమె సుశీలమ్మ ఇంటికి వెళ్లింది. గుమ్మంలోనే నిలబడి గబగబా చెప్పేసింది. “ఆంటీ, ఆ ప్లేటు తప్పు. నా చెయ్యి స్పిరిట్ పెట్టి కడిగిన. అమ్మది పని నడుమ తీసుకున్న. కడగకపోతే నాదీ గట్లనే ఉంటది. మీదైనా గంతే.”

“కూర్చోమ్మా” అంది సుశీలమ్మ మెత్తగా. “అమ్మ మీద ప్రేమతో అంటున్నావు. నాకు తెలియదా? నిజానికి నీ పుణ్యమా అని మా కళ్లు తెరుచుకున్నాయి.”

“లేదాంటీ, నిజంగనే...”

సోఫాలో కూర్చున్న ప్రజ్ఞ తలెత్తింది. “తప్పయితే ప్రైజ్ ఎట్లా తీసుకున్నావే? మేడమ్‌కు చెప్పావా?”

మానస ఇంకా చెప్పలేదు. మంచినీళ్లిస్తే తాగి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి శ్యామలమ్మ బియ్యం కడుగుతోంది. ఇదివరకటి గంగాళం కాదు, చిన్న గిన్నె.

“యాడికి పోయినవే? సుశీలమ్మ ఇంటికా? ఏమన్నది?”

“రేపు మేడమ్ తాన నా ప్లేటు తప్పని చెప్పాలమ్మా.”

“ఏం తప్పు? ఫస్ట్ ప్రైజ్ ఇచ్చిరి గద.”

అప్పుడు మానస తల్లికి మొదటిసారి పాఠం చెప్పింది. ఆ ముగ్గు ఏమిటో, తన ప్లేటు ఎందుకు అద్దంలా ఉందో, మూడోదాన్ని ఏం చేసిందో, చీటీ మీద ఏం రాసిందో, ఆ వీధి డబ్బాలు ఎందుకు రావడం లేదో. తల్లి మొహం చూడలేక, గిన్నెలో తెల్లబడుతున్న కడుగు నీళ్ల వైపు చూస్తూ చెప్పింది.

శ్యామలమ్మ బియ్యం కడగడం ఆపింది. కోపం వస్తే బాగుండుననుకుంది మానస. తిడితే, ఒక దెబ్బ వేస్తే బాగుండును.

“గిట్లని నాకు జెప్తే అయిపోవు గద బిడ్డా” అంది చివరికి. “మంచిగ రుద్ది రుద్ది కడుక్కొని పెడ్తుంటి. గందరి ముంగట నీకు సిగ్గయ్యేటట్టు చేస్తినే.”

అని, తడి చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది.