మోడల్ విల్లా

ఆదివారం వస్తే సుప్రియ పొద్దున్నే చేసే మొదటి పని దండెం మీది బట్టలు లోపలికి తెచ్చెయ్యడం. ఆరాయా లేదా అన్నది ఎవరిక్కావాలి? ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ల కంట లంగాలూ జాకెట్లూ పడకూడదు, అంతే. ముత్తుకూరు రోడ్డు పక్కన లేచిన ఈ నలభై విల్లాల్లో ఆమె ఉండేది మోడల్ విల్లా. భర్త కిషోర్ బాబు, వీటిని కట్టిన కంపెనీ తరఫున విల్లాలు అమ్ముతాడు. ఆఖరిది కూడా అమ్ముడుపోయిన రోజున ఈ ఇల్లు వాళ్ల పేర రాసిస్తానని కంపెనీ ఓనరు మాటిచ్చాడు. పెళ్లయిన పదకొండేళ్లలో ఏడు అద్దె ఇళ్లు మారిన మనిషి ఆమె. ఎవర్నీ అడక్కుండా గోడకి మేకు కొట్టుకోవాలని ఎంత ఆశో! ఇక మిగిలింది ఒక్క విల్లా.

అందుకని ఆదివారమంతా ఆమెకి ఉద్యోగమే, జీతం ఒక్కటే లేదు. బాత్రూములు కడగాలి, పిల్ల పుస్తకాలు మంచం కిందకి తొయ్యాలి, వచ్చినవాళ్లు తన బీరువా తలుపు తీసి చూస్తున్నా నవ్వుతూ నిలబడాలి. టీ ఇవ్వాలి, అదీ క్యాను నీళ్లతో కాచి. ఎందుకంటే ఇక్కడి బోరు నీళ్లు ఉప్పు. "మగోళ్లు స్థలం రేటు అంకణం ఎంతని అడుగుతారు, ఆడోళ్లు నీళ్ల సంగతి అడుగుతారు. వాళ్లు నా మాట నమ్మరు, నీ మాట నమ్ముతారు. తియ్యంగా ఉండాయని చెప్పు, చాలు," అని నేర్పాడు కిషోర్ బాబు. ఆమె మొహం ముడుచుకుంటే అత్తగారు రాఘవమ్మ అందుకునేది, మొగుడికి ఆ మాత్రం సాయపడని పెళ్లాం ఉంటే ఎంత, లేకుంటే ఎంత అని.

ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పి చెప్పి ఆ అబద్ధం నోటికి అలవాటైపోయింది. కొన్నవాళ్లలో సగం మంది ఆ నీళ్లతో పడలేక, ఏడాది తిరక్కుండానే దగ్గర్లోని పోర్టు ఇంజనీర్లకి అద్దెకిచ్చేసి నెల్లూరు వెళ్లిపోయారు. దాన్ని కిషోర్ బాబు రెంటల్ డిమాండ్ అంటాడు, రేటు ఇంకాస్త పెంచి చెబుతాడు. వెళ్లలేనివాళ్లు ఇక్కడే ఉన్నారు. నాలుగిళ్ల అవతలి గంగాభవాని మొన్న దారిలో ఎదురుపడింది. తిట్టనైనా తిట్టలేదు. "నువ్వు చెప్పబట్టే కదమ్మా మా ఆయన్ని ఒప్పించినాను. ఇప్పుడు రోజూ నన్నే అంటాడు," అనేసి వెళ్లిపోయింది. అప్పట్నించీ సుప్రియకి ముద్ద దిగడం లేదు. అమ్మింది కిషోర్ బాబు, కొన్నది ఆ ఇంటి మగవాళ్లు, మాటలు పడేది మాత్రం గంగాభవాని. ఇంకా ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు తన మూలాన ఇలా పడుతున్నారో తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఈ ఆదివారం ధనలక్ష్మి వచ్చింది. సూళ్లూరుపేటలో టీచరు, ఒంటరి మనిషి. నాన్న ఇచ్చిన పొలం అమ్మేసి ఆ డబ్బుతో వచ్చిందట. పోయినేటికీ ఇప్పటికీ అంకణానికి ఎంత పెరిగిందో కిషోర్ బాబు హాల్లో కూర్చోబెట్టి చెబుతుంటే మర్యాదగా తలూపి, ఖాళీ టీ కప్పు పట్టుకుని తనే వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, ఇక్కడ కాపరముండేది మీరు, మీరే చెప్పండి. నీళ్లు ఎట్టా ఉంటాయి? నాకు ఇంకో ఇల్లు కొనే శక్తి లేదు."

కిషోర్ బాబు లేచి వచ్చి గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాడు. మిగిలిన ఆ ఒక్క విల్లా కోసమే ఈ బేరమని సుప్రియకి తెలుసు. ఒక్క మాట అంటే ఈ ఇల్లు తనది. అనకపోతే ఎనిమిదో అద్దె ఇల్లు, దాంతోపాటు బతికినన్నాళ్లూ మొగుడి సాధింపు. భయమేసింది. ఆ భయంతోనే ధనలక్ష్మి కళ్లలోకి చూసింది.

"ఈ ఇంట్లో పప్పు ఉడకదమ్మా," అంది.