శుక్రవారం నన్ను బతికించింది

నేను ఒక రాధామనోహరం తీగను. నా చుట్టాలెవరో చెబితే నవ్వుతారు: తెల్లమద్ది, తాని, కరక్కాయ చెట్లు. అంతటి మానుల వంశంలో పుట్టి, ఒకరి గోడ పట్టుకుంటే తప్ప నిలబడలేనిదాన్ని నేను. అయితేనేం, నా పూల ముందు వాళ్ళ పూలు ఎంతలెండి!

నన్ను సామర్లకోట తెచ్చింది సత్తెమ్మ. పేరంటానికి బొట్టు పెట్టి పిలవలేదని మూడేళ్ళు తమ్ముడి గడప తొక్కని మనిషి, ఒకనాడు తనే మెత్తబడి, తడిగుడ్డలో చుట్టిన నా కొమ్మను మరదలు మంగతాయారు చేతిలో పెట్టింది. ఎర్రగా గుత్తులు గుత్తులు పూస్తుందని చెప్పి, కాఫీ సగం తాగి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.

మంగతాయారు నన్ను గేటు పక్కన నాటి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి పెంచింది. మా వదిన ఇచ్చింది, ఎర్రటి పూలు అని వీధంతా చెప్పుకుంది. ఏడాది తిరిగేసరికి నేను గేటు మీదికి ఎగబాకాను. ఒక గురువారం సాయంత్రం, ఏం చెప్పను, నిలువెల్లా పులకరించి మొదటి గుత్తి విప్పాను.

తెల్లగా.

మా పూలు తెల్లగానే విచ్చుకుంటాయి. ఎరుపెక్కడానికి రెండు రోజులు పడుతుంది. ఆ మాట సత్తెమ్మ చెప్పనూ లేదు, మంగతాయారు అడగనూ లేదు.

"చూశారా మీ అక్కని? నలుగురిలో నన్ను నవ్వులపాలు చేయడానికే ఇచ్చింది," అని మొగుడి మీద లేచి, తెల్లారగానే కొడవలి తీసింది. గోడవతల నుంచి పక్కింటి వీరరాఘవమ్మ గారు తాపీగా అన్నారు: "శుక్రవారం పూట పూసే మొక్క మీద కత్తెడతావేంటే తల్లీ? రేపు నరుక్కో."

బతికాను! ఆ రోజంతా మంగతాయారు నా ముఖం చూడకుండా పెరటి దారినే తిరిగింది. ఇక్కడ నేను గులాబీ రంగెక్కుతున్నాను. ఒక్కసారి చూడవమ్మా అని గాలి వీచినప్పుడల్లా తలలూపాను. మనుషులకు కోపం వచ్చినంత తొందరగా నాకు ఎరుపు వస్తే ఎంత బాగుండును!

శనివారం పొద్దున కొడవలితో వచ్చింది. మొన్నటి పూలు కుంకుమలా, నిన్నటివి గులాబీగా, పక్కనే లేత మొగ్గలు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. చాలాసేపు చూసి, లోపలికెళ్ళి ఫోను అందుకుంది. తప్పయిందంటుందేమోనని ఆకులు రిక్కించాను. మనుషులు ఆ మాట అంత తేలిగ్గా అంటారా?

"వదినా, నీ తీగ పూసింది. ఇది పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళకి కనబడేది కాదు. రెండ్రోజులు ఉండేలా రా," అంది.

అవతల సత్తెమ్మ ఏమందో నాకు వినబడలేదు. మంగతాయారు మాత్రం అటక మీది కొత్త దుప్పటి దింపింది. నేనూ ఇరవై మొగ్గలు బిగపట్టుకుని కూర్చున్నాను.